సారాంశం శుక్రవారం, విమర్శ సోమవారం

కబైగ్వాన్,
మార్చి, ఆదివారం, గుడి నుంచి వచ్చాక

చిరంజీవి ఎవేలియోకు,

అక్క యూడోసియా దీవెనలు. కరుణమాత దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. నీ పేరు మీద రోజూ జపమాల తిప్పుతున్నాను.

సంగతి ఒకటే. చుట్టల కార్ఖానాలో నా చదివే కుర్చీకి ముప్పు వచ్చింది.

పొద్దున చుట్టలు చుట్టేవాళ్ళకి పేపరు చదివినంతసేపూ బాగానే వింటున్నారు. మధ్యాహ్నం రెండింటికి నవల తెరిచేసరికి ఆవలింతలు. ఇప్పుడు చదువుతున్న నవల్లో నాయిక క్రిస్మస్ నుంచి చావబోతూనే ఉంది. మొన్న కాసిమిరో చుట్టడం ఆపి, "యూడోసియక్కా, ఆవిడ ప్రాణం ఏ రోజు పోతుందో ముందే చెబితే ఆ రోజు వింటాం" అన్నాడు. అందరూ ఆకు కోసే కత్తుల్ని బల్లలకేసి టకటకా కొట్టారు. నేను బాగా చదివితే కొట్టే చప్పుడు అది. ఈసారి కాసిమిరోకి కొట్టారు.

కొత్త మేనేజరు బాల్డొమేరో గారు గుమ్మంలో నిలబడి విన్నాడు. చదవడానికి మనిషెందుకు, రేడియో పెడదాం, దానికి గొంతు బొంగురుపోదు అన్నాడు. మే నెల సమావేశంలో చేతులెత్తమంటారు. కుర్చీయా, రేడియోనా.

ఎత్తు బల్ల మీది ఆ కుర్చీలో అమ్మ కూర్చుంది. తర్వాత నేను. అది పోతే ఆకుల ఈనెలు తీసే గదికి మారుస్తారు. పని తప్పు కాదు. కానీ అక్కడ మాటా పలుకూ ఉండదు.

వాళ్ళని అడిగాను, ఏం కావాలని. "బతుకు బాగుపడే పుస్తకాలు" అన్నారు. నువ్వు పనిచేసే హోటల్లో విదేశీయులు అలాంటివి చదివి వదిలేసి పోతుంటారని, నువ్వు వాటి గురించి రాస్తుంటావని గుర్తొచ్చింది. వాటిలో ఏముందో రాసి పంపు. మంచీ చెడ్డా కూడా రాయి.

నీ అక్క,
యూడోసియా

తా.క. పొడుగ్గా రాయకు. నీ పోయిన ఉత్తరంలో అసలు విషయం మొదలయ్యేసరికి నా కాఫీ చల్లారింది.


హవానా,
మార్చి

పూజ్యురాలైన అక్కకు,

నీ తమ్ముడు ఎవేలియో వేనవేల నమస్కారాలు.

రేడియోనా! నీ గొంతు ఎక్కడ, ఆ గరగరలాడే పెట్టె ఎక్కడ! ఉత్తరం చదువుతుంటే ఒళ్ళు మండిపోయి, ఒక స్పెయిను దంపతులకి వేరేవాళ్ళ గది తాళంచెవి ఇచ్చేశాను. గదిలో మనుషులున్నారు. ఆ గొడవ తీరేసరికి సాయంత్రమైంది.

అక్కా, ఇన్నేళ్ళుగా నేను చేస్తున్న పని దేనికో నాకిప్పుడు తెలిసింది. పత్రికలవాళ్ళు నా వ్యాసాలు తిప్పి పంపితే బాధపడ్డాను. అవి నీ కార్ఖానా కోసం పుట్టాయి!

నా పద్ధతి చెబుతాను. ప్రతి పుస్తకాన్నీ రెండు భాగాలు చేస్తాను. మొదటిది సారాంశం. అందులో నేనుండను. రచయితే మాట్లాడినట్టు, ఆయనకున్నంత నమ్మకంతో రాస్తాను. రెండోది విమర్శ. ఎక్కడ నిజం, ఎక్కడ బుకాయింపు, ఎక్కడ రుజువు లేకుండా దాటేశాడు, అన్నీ అందులో. ముందు మనిషిని మాట్లాడనిచ్చి తర్వాత నిలదియ్యడం న్యాయం.

వేరే కాగితాల మీద మొదటి పుస్తకం జతచేశాను. ఒక కెనడా డాక్టరు రాశాడు. స్నానాల గదిలో దొరికింది, ఇంకా ఆరుతోంది. ఆయన చెప్పేదేమిటంటే, మన రోగాలన్నీ మింగేసిన మాటల వల్ల వస్తాయి. కడుపునొప్పి అంటే అత్తగారితో అనలేని మాట. నడుంనొప్పి అంటే పై అధికారితో అనలేని మాట. ఒక్క వారం మనసులో ఉన్నది ఉన్నట్టు పైకి అనేస్తే ఒళ్ళు తేలికవుతుంది, ఇల్లు వెలిగిపోతుంది.

చదివి చూడు. కత్తుల మోత నాకు హవానా దాకా వినిపించాలి.

నీ ముద్దుల తమ్ముడు,
ఎవేలియో

తా.క. డాక్టరు గారి మాట ప్రకారం నీకూ ఒక నిజం చెప్పేస్తున్నాను. క్రిస్మస్‌కి నువ్వు పంపిన జామపండు మురబ్బా రాయిలా ఉంది. నీ మీద గౌరవంతో సగం ఎలాగో తిన్నాను. మిగతా సగం తలుపుకి అడ్డుపెట్టాను.


కబైగ్వాన్,
మార్చి, మంగళవారం

చిరంజీవి ఎవేలియోకు,

దీవెనలు. కూర్చుని చదువు.

శుక్రవారం సారాంశం చదివాను. అంత నిశ్శబ్దంగా విన్నది ఈమధ్య ఎన్నడూ లేదు. విమర్శ కాగితం చేతిలోకి తీసుకోగానే పని ముగిసే గంట కొట్టారు. గంట కొడితే వాక్యం మధ్యలో ఉన్నా ఆపాలి. విమర్శ సోమవారానికి మిగిలింది.

మధ్యలో శనివారం, ఆదివారం ఉన్నాయి.

కార్ఖానాలో చుట్టే ఒఫేలియా, ఎదురింటావిడ వండే నల్ల చిక్కుళ్ళు ఈ ఇరవయ్యేళ్ళలో ఒక్కసారీ ఉడకలేదని ఆవిడతోనే చెప్పింది. కాసిమిరో, అత్తగారి అంత్యక్రియల్లో తన కళ్ళ నీళ్ళు కొవ్వొత్తుల పొగ వల్ల వచ్చినవని భార్య మెలానియాకి చెప్పాడు. మెలానియా కడుపులోనూ మింగిన మాటలున్నాయట. ఆదివారం పొద్దుపోయేదాకా వచ్చాయి. ఇప్పుడు కాసిమిరో ఆకులు ఆరేసే గదిలో పడుకుంటున్నాడు.

గుడిలో ఫాదర్ ప్రసంగం మధ్యలో ఒకావిడ లేచి, "ఇది పోయినేడు చెప్పిందే ఫాదర్" అంది. నిజమే. అయినా గుడిలో. నా చేతిలోంచి జపమాల జారిపోయింది.

సోమవారం విమర్శ చదివాను. విన్నారు. విని, కత్తులు నేలకేసి విసిరారు. నచ్చకపోతే చేసే పని అది. అమ్మ చెబితే విన్నానే గాని నా కుర్చీ కింద ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు. "ఈ ముక్క శుక్రవారమే చెప్పొచ్చుగా!" అని కాసిమిరో అరిచాడు. అతని చొక్కాకి ఆకులంటుకుని ఉన్నాయి.

సమావేశం మేలో. నువ్వే ఏదో ఒకటి ఆలోచించు.

నీ అక్క,
యూడోసియా

తా.క. అప్పుడు మురబ్బా ఇంకో పొట్లంలో పెట్టాను. నువ్వు తిన్నది బట్టల సబ్బు.


హవానా,
ఏప్రిల్

పూజ్యురాలైన అక్కకు,

సబ్బా!

అక్కా, రెండు రోజులు నోట మాట రాలేదు. వచ్చినా నురగ వస్తుందేమోనని భయం.

సరే, అది నా ఖర్మ. కానీ కాసిమిరో సంసారం? చిక్కుళ్ళ గొడవ? నా విమర్శలో మొదటి వాక్యమే కదా: "డాక్టరు గారు నిజం చెప్పి బాగుపడ్డవాళ్ళనే లెక్కలో వేసుకున్నాడు, చెప్పి ఇంట్లోంచి గెంటించుకున్నవాళ్ళు ఆయన దగ్గరికి రాలేదు." ఈ ఒక్క వాక్యం శుక్రవారం చదివుంటే! గంట కొట్టారని ఆపేస్తావా? ఇల్లు తగలబడుతోందని సగం చెప్పి, గంట కొట్టారని బకెట్ సంగతి సోమవారం చెబుతావా?

అయినా తప్పు నాది. ఈ కింది నాలుగు మాటలు అందరికీ చదివి వినిపించు:

"అన్నలారా, అక్కలారా, సారాంశం అంటే రచయిత గొంతు, నాది కాదు. పుస్తకం చెప్పిందల్లా చేసెయ్యకూడదు. మీకు కలిగిన కష్టానికి ఎవేలియో తలవంచి క్షమాపణ కోరుతున్నాడు."

ఇంతే. హుందాగా ఉంటుంది. నీ కుర్చీ నిలుస్తుంది.

నీ తమ్ముడు,
ఎవేలియో

తా.క. మనలో మాట. ఆ జనం అంత అమాయకులని నేననుకోలేదు. చుట్ట చుట్టే చేతులకి ఉన్న తెలివి చెవులకి లేదు. ఇక మీ మేనేజరు సంగతి, పోయిన వేసవిలో వచ్చినప్పుడు చూశాను. దేవుడు తలా భుజాలూ చేసి, మధ్యలో మెడ పెట్టడం మర్చిపోయాడు. అలాంటివాడు నీ కుర్చీ లాగెయ్యడమా!


కబైగ్వాన్,
ఏప్రిల్

చిరంజీవి ఎవేలియోకు,

దీవెనలు.

క్షమాపణ ఉన్న రెండో కాగితం విప్పి చదివాను. కత్తులు బల్లల మీద మోగాయి. మెలానియా కూడా వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. ఎంత బాగుందో చెప్పలేను.

తర్వాత అదే కాగితం చివర ఉన్న తా.క. చదివాను.

ఎందుకు చదివావంటావు. ఎప్పుడో ఒక చదువరి, యజమానికి నచ్చని వార్తలు మింగేసి మిగతావి చదివేవాడట. అది బయటపడ్డప్పటి నుంచి ఒకటే నియమం. బల్ల మీద విప్పిన కాగితం చివరి చుక్క దాకా చదవాలి. అమ్మ పాటించింది. నేనూ పాటించాను. గొంతు తగ్గించాను. "గట్టిగా!" అన్నారు.

"చెవులకి తెలివి లేదు" దగ్గర సగం కత్తులు నేలకి దిగాయి. మెడ దగ్గర మిగతా సగం బల్లల మీద మోగాయి.

మేనేజరు గారు గుమ్మంలోనే ఉన్నాడు. ఆయన చెయ్యి దానంతటదే కాలరు దగ్గరికి వెళ్ళి, కాసేపు వెతికింది.

నీ అక్క,
యూడోసియా

తా.క. కాసిమిరోని మెలానియా ఇంటికి తీసుకెళ్ళింది. నిన్ను తిట్టడంలో ఇద్దరికీ మాట కలిసింది.


హవానా,
ఏప్రిల్

అక్కా! అక్కా! అక్కా!

నమస్కారం సంగతి తర్వాత. తా.క. చదివావా? నిజంగా చదివావా? ఆయన ముందే? నేను కుర్చీలోంచి లేచి కూర్చుని మళ్ళీ లేచాను. మా హోటలు వంటామె యెమాయాకి చెబితే చేతిలో గరిటె వదిలేసింది. కర్రపెండలం మాడిపోయింది. ఆ నేరం కూడా నాదే అంది.

ఇక నుంచి నా సొంత మాటలు నీలం కాగితం మీద రాస్తాను. నీలం కాగితం బల్లెక్కకూడదు. పుస్తకం తెల్ల కాగితం మీద ఉంటుంది. కరుణమాత మీద ఆన.

అసలు పని. వరస మార్చేద్దాం. ముందు విమర్శ చదువు. శుక్రవారం నాడే. సారాంశం సోమవారం. ముందే అనుమానం పుట్టిస్తే ఎవరూ తొందరపడరు. ఇంత తేలిక ఉపాయం నాకు ముందే తట్టనందుకు సిగ్గుగా ఉంది.

పుస్తకం ఒక డెన్మార్కు ఆవిడది. ఏడాదిగా ముట్టుకోని వస్తువు మనసు మీద బరువట, పారేస్తే ఆనందమట. నా విమర్శ గట్టిగా ఉంది. పారేసినదాన్ని మళ్ళీ కొనుక్కోగలవాళ్ళకి అది ఆనందం. కొట్లో మేకు దొరకని ఊళ్ళో వంగిన మేకు కూడా ఆస్తే. ఆవిడ ఇంటి ఫొటో వేసుకుంది. ఆ ఇంట్లో మిగిలిన ఒక్క కుర్చీ మన ఇంటికన్నా ఖరీదు.

ఇక ఎవరూ ఏదీ పారెయ్యరు. నేను హామీ.

నీ తమ్ముడు,
ఎవేలియో

తా.క. మేనేజరు గారికి మెడ ఉందని, నేను చూసింది పక్కనుంచి అని, ఎలాగైనా చెప్పగలవా?


కబైగ్వాన్,
ఏప్రిల్ చివర

చిరంజీవి ఎవేలియోకు,

దీవెనలు. దేవుడు మనిద్దరినీ క్షమించుగాక.

శుక్రవారం విమర్శ చదివాను. మధ్యలోనే ఒఫేలియా కత్తి కింద పెట్టింది. "ఎదురుగా లేని మనిషిని ఇంతగా తిడుతుంటే వింటూ కూర్చోవడం పద్ధతా? పాపం, ఆ ఆడమనిషి ఎక్కడో చలిదేశంలో ఉంది. ఆవిడ తరఫున ఒక్క మాట చెప్పే దిక్కు లేదు" అంది. అందరికీ జాలేసింది. ఆవిడ ఏం చెప్పిందో ఇంకా ఎవరికీ తెలియదు. అయినా జాలేసింది. ఒఫేలియాని ఆవిడ తరఫు మనిషిగా ఎన్నుకున్నారు.

సోమవారం సారాంశం చదివేసరికి ఒఫేలియా లేచి నిలబడి, ప్రతి వాక్యానికీ "చూశారా!" అంది. ఇక ఆపలేకపోయాను.

ఆ సాయంత్రం నుంచి ఊరు ఊరంతా పారెయ్యడం. ఒకరు పారేసింది పక్కవాళ్ళు ఏరుకున్నారు. ఊరు ఖాళీ కాలేదు. వస్తువులు ఇళ్ళు మారాయి. కాసిమిరో గేలపు కర్ర గుడి గంట కొట్టేవాడి ఇంట్లో దొరికింది. గంట కొట్టేవాడి బూట్లు కాసిమిరో కాళ్ళకి ఉన్నాయి. వీధిలో ఎదురుపడి ఒకరినొకరు చూసుకున్నారు.

ఇంతవరకూ నవ్వొచ్చు. ఇక్కడ ఆగు.

రేషను రొట్టె వరసలో ఈ మాట మేనేజరు గారి భార్య ఓర్టెన్సియా విన్నది. ఇంటికెళ్ళి చూసుకుంది. ఏడాదిగా తను ముట్టుకోనిది ఒకటే కనిపించింది. ఆయన డామినోల పెట్టె. వాళ్ళ తాతగారిది, ఎముకతో చెక్కిన ఆట బిళ్ళలు. ఆదివారాలు ఆయన ఆడేది దాంతోనే. ఆమె ముట్టుకోలేదు, నిజమే. తీసుకెళ్ళి పిల్లల బడికి ఇచ్చేసింది. పిల్లలు దాంతో వంతెన కట్టారు. వంతెన కింద నీళ్ళున్నాయి.

మర్నాడు మేనేజరు గారు రేడియో తెచ్చి నా బల్ల మీద, నా కుర్చీలో పెట్టాడు. వచ్చే సోమవారం నుంచి సమావేశం దాకా మధ్యాహ్నం రెండింటికి అదే మోగుతుంది. విని చూసి చేతులెత్తండి అన్నాడు.

నేను ముందు వరసలో ఒక ముక్కాలిపీట మీద కూర్చోవాలట.

నీ అక్క,
యూడోసియా

తా.క. ఓర్టెన్సియా నాతో మెల్లగా, "పుస్తకం మంచిదే అక్కా, నాకు చాలా తేలిగ్గా ఉంది" అంది.


హవానా,
ఏప్రిల్ చివర

నా బంగారు అక్కకు,

నీ నుంచి ఉత్తరం వచ్చి చాలా రోజులైంది, పారేసే పుస్తకం సంగతి ఏమైందో తెలియలేదు. బాగానే అయ్యుంటుంది. కానీ నేను ఆగలేను!

కూర్చున్నావా? నీ తమ్ముడు రేడియోలో మాట్లాడబోతున్నాడు!

ఎలాగంటే, చాకలి గదిలో ఆడవాళ్ళకి ఒక పుస్తకం కథలా చెబుతున్నాను. వెనకాల ఒకాయన చొక్కా కోసం వచ్చి నిలబడ్డాడు. చొక్కా తీసుకోవడం మర్చిపోయి విన్నాడు. ఆయన రేడియోలో డైరెక్టరట! "పావుగంటలో పుస్తకం" అని కార్యక్రమం. వచ్చే సోమవారం నుంచి, రోజూ మధ్యాహ్నం రెండింటికి! దేశమంతా!

ఒక్కటే వెలితి. విమర్శ తీసేశారు. "మధ్యాహ్నం భోంచేసి కూర్చున్నవాళ్ళకి అనుమానాలు పుట్టించకూడదు" అన్నాడు డైరెక్టరు. కొంచెం బాధపడ్డాను. కానీ ఆలోచించు అక్కా, తిప్పి పంపిన వ్యాసాలన్నీ ఇప్పుడు గాల్లో ఎగురుతాయి. అమ్మ ఉంటే ఏడ్చేసేది.

నీ తమ్ముడు, మాటలు రాని ఆనందంతో,
ఎవేలియో

తా.క. నా ఒక్కగానొక్క విచారం, నువ్వు వినలేవు. ఆ టైముకి నువ్వు బల్ల మీద ఉంటావు, కార్ఖానాలో రేడియో లేదు కదా!


కబైగ్వాన్,
మే, సోమవారం

చిరంజీవి ఎవేలియోకు,

విన్నాను. నా కుర్చీలోంచి వచ్చింది నీ గొంతు.

మేనేజరు గారు అందరివైపూ తిరిగి, "పోల్చారా? తమ్ముడే. ఆ ఇంటివాళ్ళే చదువుతున్నారు. మీకు లోటేముంది?" అన్నాడు.

ఎవరూ కత్తులు కొట్టలేదు. ఎటూ కొట్టలేదు. అందరూ నన్ను చూశారు.

నేను కళ్ళు మూసుకుని కరుణమాతతో మాట్లాడాను. ఏం మాట్లాడానో నీకు చెప్పను.

సమావేశం ఈ శుక్రవారం కాక పై శుక్రవారం.

నీ అక్క,
యూడోసియా

తా.క. గొంతు బాగుంది. తొందర ఎక్కువ. చుక్క దగ్గర ఊపిరి తీసుకో.


హవానా,
మే

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. ముందు డామినోలది చదివాను, తర్వాత ఇది. హోటలు ముందు గదిలో, అందరిముందూ, నేలమీద కూలబడిపోయాను. ఒక జర్మనీ ముసలాయన నాడి పట్టి చూశాడు.

నేనా! నీ కుర్చీ లాగేసింది నేనా! తిట్టు అక్కా. "ఊపిరి తీసుకో" అంటావేమిటి? నువ్వు తిట్టకపోతే నాకు ఊపిరి ఎక్కడినుంచి వస్తుంది?

డైరెక్టరు దగ్గరికి పరిగెత్తాను. మానేస్తానన్నాను. ఈ నెల కార్యక్రమాలన్నీ ముందే రికార్డు చేశాం, నువ్వు మానినా నీ గొంతు మానదు అన్నాడు. సమావేశం జరిగే శుక్రవారం ఏ పుస్తకమని అడిగాను. చెప్పాడు. మళ్ళీ కూలబడ్డాను.

అక్కా, అది ఒక కంపెనీల సలహాదారు రాసిన పుస్తకం. యంత్రం చేయగల పనిని మనిషి చేతిలో ఉంచడం ఆ మనిషికే అవమానం, జాలిపడకుండా మార్చెయ్యండి అంటాడు. నేను దాన్ని ఎంత బాగా చదివానో! రచయితే మాట్లాడినట్టు! ఆయనకున్నంత నమ్మకంతో! ఆ పాడు పద్ధతి నాదే కదా! నా గొంతుతో నేనే నిన్ను ఈనెలు తీసే గదికి పంపిస్తున్నాను, అదీ చేతులెత్తే ముందు!

దాని విమర్శ ఉంది. తెల్ల కాగితం మీద జతచేశాను. నా జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ రాయలేదు. ఎలాగైనా ఆ శుక్రవారం చదువు. గంట కొట్టినా, పిడుగు పడినా చదువు.

నీ పాపిష్టి తమ్ముడు,
ఎవేలియో

తా.క. ఉత్తరం వెంటనే అందాలని పోస్టాఫీసులో అమ్మాయికి నిజం మురబ్బా ఇచ్చాను. ముందు వాసన చూసి ఇచ్చాను.


కబైగ్వాన్,
మే, ఆదివారం, గుడి నుంచి వచ్చాక

చిరంజీవి ఎవేలియోకు,

అక్క దీవెనలు.

నీ ఉత్తరం నిన్న, శనివారం వచ్చింది. సమావేశం మొన్న అయిపోయింది. విమర్శ చదివాను. బాగుంది. కానీ ఆ రోజు నా చేతిలో అది లేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

రెండింటికి నీ గొంతు వచ్చింది. పుస్తకం పేరు వినగానే నాకు విషయం అర్థమైంది. పావుగంటా ముక్కాలిపీట మీద కదలకుండా కూర్చున్నాను. చాలా బాగా చదివావు. చివరికి నేనే నమ్మాను. నేనక్కడ ఉండటం నాకే అవమానంగా తోచింది.

నువ్వు ముగించావు. పాట మొదలైంది. మేనేజరు గారు చేతులు రుద్దుకుని, "విన్నారుగా. ఇక రేడియో కావాలన్నవాళ్ళు..." అన్నాడు.

"ఉండండి," అన్నాడు కాసిమిరో. "రెండో సగం ఏది?"

"రెండో సగం ఏమిటి?"

"ఈ పుస్తకంలో తప్పేమిటో చెప్పే సగం. అది వినకుండా చెయ్యెత్తను. ఒకసారి వినకుండా ఇంటికెళ్ళి ఆకుల్లో పడుకున్నాను."

మేనేజరు గారు రేడియో వైపు చూశాడు. అందరూ చూశారు. ఒఫేలియా కత్తితో బల్ల కొట్టి, "అబ్బాయ్, మిగతాది చెప్పు!" అంది రేడియోతో. అది పాడుతూనే ఉంది. ఇంకా కొట్టారు. అది ఇంకో పాట పాడింది. మేనేజరు గారే విసుగెత్తి దాన్ని నొక్కేశాడు.

అప్పుడు నన్ను బల్లెక్కమన్నారు. చేతిలో కాగితం లేదు. కాగితం లేకుండా ఆ బల్ల ఎన్నడూ ఎక్కలేదు. కరుణమాతని తలుచుకుని నాకు తోచింది చెప్పాను.

"ఈ పుస్తకంలో నిజం ఉంది," అన్నాను. ఒఫేలియా కళ్ళు పెద్దవి చేసింది. "పొద్దున పేపరు రేడియో నాకన్నా బాగా చదువుతుంది. తొందరగా కూడా చదువుతుంది. ఆ పని దానికివ్వడం సరే. కానీ రచయిత ఒక్క సంగతి వదిలేశాడు. యంత్రం చెప్పగలదు, వినలేదు. ఆపమంటే ఆగదు. మళ్ళీ చెప్పమంటే చెప్పదు. మీరు కత్తులు నేలకేసి కొట్టినా దానికి సిగ్గుండదు. నేను సిగ్గుపడ్డాను."

ఇంతే. దిగిపోయాను.

మేనేజరు గారు గొంతు సవరించుకుని, "రేడియో కావాలన్నవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు.

అందరూ ఎత్తారు.

ఎవేలియో, అందరూ. ఒఫేలియా, కాసిమిరో, కిటికీ అవతల మెలానియా. ఈనెలు తీసే గదిలో ఏ కిటికీ దగ్గర కూర్చోవాలా అని ఆలోచించాను. దేవా, నీ చిత్తం అనుకున్నాను. నిజం చెప్పాలంటే అనుకోవడానికి కాస్త టైము పట్టింది.

మేనేజరు గారు నవ్వు ఆపుకుంటూ, మర్యాద కోసమని, "కుర్చీ కావాలన్నవాళ్ళు?" అన్నాడు.

అందరూ ఎత్తారు.

ఆయన మొహంలో రంగు పోయింది. "ఇదేం తమాషా? మనిషికి ఒక్క చెయ్యే!"

"దేవుడు రెండిచ్చాడు కదండీ," అన్నాడు కాసిమిరో.

ఒఫేలియా లేచింది. "రేడియోలో తమ్ముడు పుస్తకం చెబుతాడు. చెప్పగానే రేడియో నొక్కెయ్యాలి. అప్పుడు అక్క లేచి అందులో తప్పేమిటో చెబుతుంది. అన్నీ అదే రోజు. శుక్రవారానికీ సోమవారానికీ మధ్య మా ఇళ్ళు ఇంక కూలకూడదు. ఇన్ని వారాలుగా ఈ అక్కాతమ్ముళ్ళు మాకు నేర్పింది ఇదేగా?"

కత్తులు మోగాయి. బల్లల మీదే.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. మేనేజరు గారు కోపంగా బల్ల దగ్గరికి వచ్చాడు. "ఇది అన్యాయం! అక్కగారు ఆ రచయితకి సరిగ్గా జవాబు చెప్పలేదు! వినే యంత్రం రేపు రాదని ఏమిటి హామీ? అప్పుడేమంటారు?" అన్నాడు. మంచి ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పాను. అందరూ ఆయనకి కత్తులు కొట్టారు. ఆయన వచ్చినప్పటి నుంచి ఆయన కోసం అవి మోగడం అదే మొదటిసారి. ఎర్రబడిపోయాడు. మెడ దాకా. ఉంది తమ్ముడూ, నేను చూశాను.

అక్కడికక్కడే ఆయన్ని రచయితల తరఫు మనిషిగా ఎన్నుకున్నారు. ఒఫేలియా తన పదవి వదులుకుంది. సోమవారం నుంచి రోజూ నాతో వాదించడానికి రెండింటికి ముందే వచ్చి కూర్చుంటానన్నాడు. డామినోలు లేవు కదా, ఆదివారం కూడా ఖాళీయే. ఇంటికొచ్చి వాదించవచ్చా అని అడిగాడు. గుడి అయ్యాక రమ్మన్నాను.

కాబట్టి నువ్వు మానకు. ఇక ఈ ఊళ్ళో నా అన్నం, నీ మాట కాదనడం మీద ఆధారపడింది.

నీ అక్క,
యూడోసియా

తా.క. వచ్చే వారం పుస్తకాల పేర్లు ముందే రాసి పంపు. చెత్త పుస్తకాన్ని కాదనడానికి నాకు ఒక పూట చాలు. మంచి పుస్తకమైతే రెండు రోజులు కావాలి.